నూట పది బై డెబ్బై

తొమ్మిదేళ్లుగా ఒక అంకె నా గొంతులో ఇరుక్కుని ఉంది. మింగుడు పడదు, బయటికి రాదు. నూట పది బై డెబ్బై. చూడటానికి ఎంత మంచి బీపీ! ఏ డాక్టరైనా ఒకసారి చూసి, తల ఊపి, పేజీ తిప్పేసే అంకె. దాని వల్ల కళ్లు తెరవకుండానే ఒక బిడ్డ పోయింది. ఒక తల్లికి కన్నకూతురు దూరమైంది, కూతురు బతికుండగానే.

నా పేరు చెప్పను. మీకు దాంతో పని కూడా లేదు. పాలమూరు జిల్లా ఊళ్లలో ముప్పై ఏళ్లు ఏఎన్ఎంగా పనిచేశాను. ఊళ్లో నర్సమ్మ అంటారు. టీకాలు వేయడం, గర్భిణులను చూడటం, కార్డులు రాయడం మా పని. కిందటేడు రిటైరయ్యాను. శాలువా కప్పారు. ఒకాయన మైకు పట్టుకుని, ఈ తల్లి చేతిలో ఒక్క ప్రాణం పోలేదు అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను నవ్వాను కూడా. ఆ నవ్వు కాల్చేసిందనీ, అందుకే ఇది రాస్తున్నాననీ చెప్పుకుంటే బాగుంటుంది. అబద్ధం. నవ్వి ఇంటికొచ్చి అన్నం తిని పడుకున్నాను. రాయడానికి కూర్చోబెట్టింది వేరే సంగతి. వస్తాను దానికి. కాస్త ఓపిక పట్టండి. తిన్నగా చెప్పగల మనిషినైతే అప్పుడే చెప్పేదాన్ని కదా.

ముందు ఖాజాబీ గురించి చెప్పాలి.

నేను చాలాకాలం ఉన్న ఊరు పాలమూరుకు బస్సులో గంట దూరం. ఖాజాబీ అక్కడ గాజులమ్మేది. నా ఈడుదే. భర్త చనిపోయాక గాజుల మలారం భుజాన వేసుకుని చుట్టుపక్కల నాలుగూళ్లూ తిరిగేది. ఆమె గాజులు వేయడం చూసి తీరాలి. చెయ్యి అందుకుని, బొటనవేలు లోపలికి మడిచి, వేళ్ల కణుపుల మీద ఒక్కసారి నొక్కి, "నీకు రెండు-ఆరు బిడ్డా" అనేది. గాజుల సైజులు అట్లాగే చెప్తారు, రెండు-నాలుగు, రెండు-ఆరు, రెండు-ఎనిమిది. కొలిచేది లేదు, పెట్టేది లేదు. చెప్పిందంటే అంతే. ఒక్క గాజు చిట్లనిచ్చేది కాదు.

ఏడో నెల గాజులకు ఏ కులం వాళ్లయినా, ఏ మతం వాళ్లయినా ఖాజాబీనే పిలిచేవాళ్లు. ఆమె హస్తవాసి మంచిదని, ఆమె గాజులేస్తే కాన్పు సులువవుతుందని నమ్మకం. నాకు దాని మీద ఒళ్లుమంట. ఎండనకా వాననకా తిరిగి కార్డులు రాసేది నేను, వాంతులైనా నొప్పులొచ్చినా పరిగెత్తేది నేను, మంచి చెయ్యన్న పేరు గాజులామెకా? ఇది అప్పుడు నాకు తెలియదు. అంటే, తెలుసు. దానికి ఈర్ష్య అని పేరు పెట్టలేదు, అంతే.

ఖాజాబీకి ఒక్కతే కూతురు, నజ్మా. పాలమూరులో డిగ్రీ చదివేటప్పుడు పిల్లకు కీళ్లు పట్టేయడం మొదలైంది. ఎండలో నాలుగడుగులు వేస్తే బుగ్గలు ఎర్రగా కందిపోయేవి. దువ్వెనకు గుత్తులుగా జుట్టు వచ్చేది. రెండేళ్లు ఆ దవాఖానా ఈ దవాఖానా తిరిగాక హైదరాబాదులో ఒక డాక్టరమ్మ జబ్బు పేరు చెప్పింది, లూపస్ అని. ఒంటిని కాపాడాల్సిన శక్తి ఒంటి మీదే పడుతుంది. కీళ్లు, చర్మం, అన్నిటికంటే భయం కిడ్నీలు. కంచే చేను మేసింది అంటారే, అదే ఈ జబ్బు.

ఈ జబ్బు సంగతి దాచి పెళ్లి చేయలేదు. అల్లుడు ఖదీర్‌ది డ్యాం పక్కనున్న నందికొండ. లాంచీల ఇంజన్లు బాగుచేస్తాడు. పిల్ల తనే అన్నీ చెప్పింది, అతను సరేనన్నాడు. పెళ్లయ్యాక కూడా తొందరపడలేదు. జబ్బు అణిగి ఉండాలని డాక్టరమ్మ ఆగమంటే ఆగారు. కడుపులో బిడ్డకు పడని మందు ఒకటి మార్పించి, కొన్ని నెలలు చూసి, ఇప్పుడు సరే అన్నాకే కడుపు తెచ్చుకుంది. నా సర్వీసులో ఇంత పద్ధతిగా తల్లి కాబోయిన పిల్లను చూడలేదు. ఏ తప్పూ చేయకుండా అన్నీ సరిగ్గా చేసుకుంటూ వచ్చి నా చేతిలో పడింది.

తొలి కాన్పు తల్లిగారింట్లోనే కదా. ఆరో నెలలో ఊరికి వచ్చింది. వస్తూ డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టింది. అందులో ఉన్నది ఇప్పటికీ వరసగా చెప్పగలను. మలేరియాకు వాడే మాత్ర రోజూ వేసుకోవాలి, బిడ్డకేమీ కాదు, ఎవరు చెప్పినా మానొద్దు. రాత్రి చిన్న ఆస్పిరిన్. స్టెరాయిడ్ తక్కువ మోతాదు. వారానికోసారి బీపీ, మూత్రంలో ప్రొటీన్ చూసి కార్డు మీద రాయాలి. బీపీ నూట నలభై బై తొంభైకి చేరినా, మూత్రంలో ప్రొటీన్ కనిపించినా అదే రోజు పంపించాలి. కింద గీత గీసి ఒక మాట రాసింది. కిడ్నీల మీదికొచ్చేటప్పుడు మనిషికి ఏమీ తెలియకపోవచ్చు, మేము చూసేది మీ కొలతలనే, అని.

నాకు చిరాకేసింది. ఊరందరిదీ ఒక కాన్పు, ఈమెదొక కాన్పా అని ఆశా కార్యకర్త ముందు గొణిగాను కూడా.

అయినా మొదటి నాలుగు వారాలు చూశాను. దేవుడి మీద ఒట్టు, చూశాను. బుధవారం పిల్లల టీకాల రోజు. నజ్మా తలకు గుడ్డ చుట్టుకుని, గొడుగేసుకుని, ఎండ ముదరకముందే వచ్చేది. బీపీ చూసేదాన్ని, మూత్రంలో పట్టీ ముంచి చూసేదాన్ని. నూట పద్దెనిమిది బై డెబ్బై ఆరు. నూట పన్నెండు బై డెబ్బై నాలుగు. నిజంగా చూసిన అంకెలు అట్లాగే ఉంటాయి, ఒకదానికొకటి పొంతన లేకుండా. పిల్ల వెంటనే కార్డు ఫొటో తీసి డాక్టరమ్మకు పంపేది. సాయంత్రానికి జవాబొచ్చేది, బాగుంది, మందులు అట్లాగే వాడండి అని. ఆ జవాబు తెచ్చి నాకు చూపించేది. "థాంక్స్ ఆంటీ" అనేది.

అయిదో వారం బీపీ మిషన్ పట్టీ చిరిగింది. గాలి కొడితే నిలవడం లేదు. మూత్రం చూసే పట్టీల డబ్బా అడుగంటింది. కొత్తవి రాసి పంపాను, రాలేదు. బయట ఇరవై మంది పిల్లల తల్లులు, ఏడుపులు, ఉక్క. అప్పుడు నేనేం చేయాలి? మిషన్ పాడైంది బిడ్డా, పెద్ద దవాఖానలో చూపించుకో అనాలి. ఆరు కిలోమీటర్లు. ఆటో ఉంది. ఒక్క మాట, అంతే. ఆ మాట అనడానికి నాకు నామోషీ అయింది. ఇంతమంది ముందు నర్సమ్మ దగ్గర మిషన్ కూడా లేదంటారని. అందుకేనా? లేక బద్ధకమా? లేక ఏమవుతుందిలే అన్న ధీమానా? తొమ్మిదేళ్లుగా ఈ మూడింటినీ మార్చి మార్చి చూసుకుంటున్నాను. ఏ ఒక్కటీ పూర్తిగా సరిపోదు, ఏ ఒక్కటీ పూర్తిగా అబద్ధం కాదు.

ఏం చేశానో చెప్తాను. చిరిగిన పట్టీనే పిల్ల చేతికి చుట్టాను. గాలి కొట్టాను. అది బుస్సుమని పోతోంది. చెవుల్లో గొట్టం పెట్టుకుని, ముఖం గంభీరంగా పెట్టి, ఆడని ముల్లు వంక చూశాను. "నూట పది బై డెబ్బై. మంచిగుంది" అన్నాను. మూత్రం సీసా వెనక గదిలోకి తీసుకుపోయి పారబోసి వచ్చి, ప్రొటీన్ గడిలో నిల్ అని రాశాను. నూట పది బై డెబ్బై మా చేతికి అలవాటైన అంకె. చూడటానికి తీరిక లేనప్పుడు కలం దానంతటదే రాసేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న గర్భిణులకు అట్లా రాసినప్పుడు ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే నన్ను చెడగొట్టింది.

పిల్ల ఫొటో తీసుకుంది. డాక్టరమ్మ బాగుందంది. ఆరో వారం మళ్లీ అదే నాటకం. అంత సులువుగా ఉంటుందనుకోలేదు.

ఏడో వారం నజ్మా ముఖం కాస్త నిండుగా కనిపించింది. కళ్ల కింద ఉబ్బు. నేను గమనించలేదని చెప్పను. గమనించాను. నీరు పట్టిందిలే, ఏడో నెల కదా అనుకున్నాను. మళ్లీ బుస్సుమనిపించి, మళ్లీ అదే అంకె రాసి కార్డు చేతికిచ్చాను. పిల్ల బయటికెళ్లి నీడలో కూర్చుంది. అప్పుడు ఖాజాబీ ఒక్కతే వెనక్కి తిరిగి లోపలికొచ్చింది. ఆ మాటలు ఒక్కటీ మర్చిపోలేదు. మర్చిపోవాలని చాలా ప్రయత్నం చేశాను కనుకే కాబోలు.

"నర్సమ్మా, జర ఒక్క మాట."

"ఏంది ఖాజాబీ? మందిని చూస్తలేవా?"

"పోరి చెయ్యి చూస్తే నాకు భయమైతాంది. పెండ్లినాటి సంది దానిది రెండు-నాలుగు. పోయిన జుమ్మానాడు అవ్వి బిగుసుకుంటే తీసి రెండు-ఆరు ఏసిన. నిన్నటికి అవ్వి గూడ తిరుగుతలేవు. సబ్బు పెట్టి తీసిన. నాలుగు పలిగినయి."

"ఏడో నెలల ఎవ్వలకైనా ఉబ్బుతది. ఇన్నేండ్ల సంది గాజులు ఏస్తున్నవు, గా మాత్రం తెల్వదా?"

"నేను ఏసిన చేతులు తక్కువనా అమ్మా? కడుపుతోని ఉబ్బే చెయ్యి మెల్లగ ఉబ్బుతది. గిట్ల వారం దినాలల్ల రెండు సైజులు పెరగదు. నొక్కితే గుంత పడి అట్లనే ఉంటాంది. ఇంకొక్కపారి మిషన్ పెట్టి చూడరాదు?"

"ఇప్పుడే చూసిన గద! నూట పది బై డెబ్బై. నా మిషన్ కంటె నీ గాజులకు ఎక్కువ ఎరుకనా?"

వరసలో కూర్చున్న ఆడవాళ్లు నవ్వారు. వాళ్లు నవ్వడం నాకు బాగా అనిపించింది. ఇది రాయడం ఎంత కష్టంగా ఉందో మీకెట్లా చెప్పను. బాగా అనిపించింది.

"గట్ల గాదమ్మా" అంది ఖాజాబీ. కొంగు మెలి తిప్పుతూ మళ్లీ అడిగింది. "మరి పల్లేరుకాయల కషాయం తాపొచ్చునా? మా అత్త వాపులకు గదే ఇస్తుండె. నువ్వు అద్దంటే ఇయ్య."

"ఇయ్యి, ఏం గాదు. ఉప్పు తక్కువ జెయ్యి. పో ఇగ, పిలగాండ్లు ఏడుస్తుండ్రు."

ఆమె వెళ్లిపోయింది. నేను వరసలో ఉన్న పసిబిడ్డకు టీకా వేశాను. అంతే. ఇందులో అరుపులు లేవు, గొడవ లేదు. మిషన్ పనిచేయడం లేదని అప్పటికైనా చెప్పొచ్చు. కానీ అప్పటికే రాసేశాను. దాన్ని కొట్టేయాలంటే వెనకటి రెండూ కొట్టేయాలి. ఒక గాజులామె చెప్తే కొట్టేయడమా? అదే మాట ఏ డాక్టరో అని ఉంటే ఒక్క గంతులో లేచేదాన్ని.

సోమవారం పొద్దున ఆశా పరిగెత్తుకొచ్చింది. నజ్మాకు తల పగిలిపోతోందట, కళ్లు మసకగా ఉన్నాయట. నేను వెళ్లేసరికి నూట ఎనిమిది బండి వాకిట్లో ఉంది. అందులోని అతను బీపీ చూసి గట్టిగా చెప్పాడు, నూట డెబ్బై బై నూట పది అని. నా నూట పది అక్కడుంది. పైన ఉండాల్సింది కిందికొచ్చింది. పిల్లకు బండిలోనే ఫిట్స్ వచ్చాయి. పాలమూరు నుంచి హైదరాబాదుకు పంపారు. చేరేసరికే కడుపులో బిడ్డ గుండె ఆగింది. ఆడపిల్లట. నజ్మాకు కిడ్నీలు పనిచేయక చాలా రోజులు డయాలసిస్ చేశారు. నెల దాటాక బతికి బయటపడింది. మళ్లీ కడుపు వద్దన్నారు. ప్రాణం మీదికొస్తుందన్నారు.

ఇంతవరకు చెప్పింది సగం. సులువైన సగం.

హైదరాబాదులో డాక్టరమ్మ కార్డు ముందు పెట్టుకుని ఎంతో ఆలోచించిందట. అయిదు రోజుల కిందట బీపీ బాగుంది, మూత్రంలో ప్రొటీన్ లేదు. అంతకు ముందు వారాలూ అంతే. మరి ఇంత తొందరగా కిడ్నీలు ఎట్లా దెబ్బతిన్నాయి? ఏమైనా నాటు మందు తాగిందా అని అడిగింది. తాగించారని చెప్పారు. అయితే అదే అయి ఉండొచ్చు అంది. ఆమె తప్పేం లేదు. ఆమె ముందున్నది నా కార్డు. నా అంకె నిజమైతే ఖాజాబీ కషాయం తప్ప ఇంకేదీ మిగలదు. ఆ అంకెను డాక్టరమ్మ నమ్మింది, అల్లుడు నమ్మాడు, నజ్మా నమ్మింది.

పిల్లను నందికొండ తీసుకుపోవడానికి ఖదీర్, అతని తండ్రి వచ్చారు. ఊరి పెద్దలు ఇద్దరు కూర్చున్నారు. నన్ను పిలిపించారు. ఖాజాబీ ఇంటి వాకిట్లో నాకు కుర్చీ వేశారు. అది గుర్తుంది, ఉన్న ఒక్క కుర్చీ నాకే వేశారు. నజ్మా గడప దగ్గర మంచం మీద ఉంది. చేతులు పుల్లల్లా అయిపోయాయి. ఒక్క గాజు లేదు.

ఖదీర్ తండ్రి గట్టి మనిషి. కోడలు చావు దాకా పోయిందన్న కోపంలో ఉన్నాడు. "పసరు మందులు తాపి పిల్లను సగం జేసినవు. నీ బిడ్డ అనుకున్నవా, ఇంకేమన్న అనుకున్నవా?" అన్నాడు.

"నేను నర్సమ్మనడిగే తాపిన" అంది ఖాజాబీ. అని నా వైపు తిరిగింది. "నర్సమ్మా, నువ్వే జెప్పమ్మా. నిన్నడిగితినా లేదా? చెయ్యి ఉబ్బిందని గూడ చెప్తినా లేదా?"

అందరూ నా వంక చూశారు. నజ్మా కూడా. అవును అంటే తర్వాతి ప్రశ్న ఏమిటో నాకు తెలుసు. ఉబ్బిందని చెప్తే ఏం చేశావు? మిషన్ ఏదీ? ఆ ప్రశ్న దాకా పోనివ్వకూడదు. ఉద్యోగం పోతుంది. ఇద్దరు పిల్లలు చదువుకుంటున్నారు. ఇవన్నీ నిజమే. కానీ ఆ క్షణంలో నా మనసులో ఉన్నవి ఇవేవీ కావు. అక్కడున్నది ఒకటే. ఇంతమందిలో నా పరువు.

"నన్ను అడగలే" అన్నాను.

రెండు ముక్కలు.

ఖాజాబీ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. మన్ను ఎత్తి పోసి ఉంటే ఇంకా బాగుండేది. ఆమె నా ముఖంలోకి చూసి, "మర్చిపోయినవేమో నర్సమ్మా. ఆ దినం మంది ఎక్కువుండిరి" అంది. చూశారా? అంతలోనూ నాకు దారి వదిలింది. ఆ, అవును, మర్చిపోయినట్టున్నా అంటే సరిపోయేది. సగమైనా కడుక్కునేదాన్ని. నేను తల అడ్డంగా ఊపాను.

నజ్మా గోడ వైపు తిరిగి పడుకుంది. సాయంత్రం బండెక్కేటప్పుడు తల్లి ఎదురొస్తే తల తిప్పుకుంది. ఆ తర్వాత తల్లి ఫోను ఎత్తలేదు. ఖాజాబీ రెండుసార్లు నందికొండ పోతే గడప తొక్కనివ్వలేదట. ఊళ్లో ఆడవాళ్లు ఏడో నెల గాజులకు ఆమెను పిలవడం మానేశారు. సొంత బిడ్డ కడుపే నిలపలేనామె, మన పిల్లల చేతులు పట్టుకోవడం ఎందుకు అన్నారు. ఒకరు మానితే పదిమంది మానేశారు. ఏడాది తిరక్కుండా ఇల్లు కిరాయికిచ్చి ఊరు విడిచిపోయింది.

అంతవరకూ నన్ను నేను ఒక సాకుతో నిలబెట్టుకున్నాను. ఏమో, కషాయం వల్లే అయిందేమో, ఎవరికి తెలుసు అని. రెండేళ్ల తర్వాత జిల్లాలో ఒక ట్రైనింగులో కుర్ర డాక్టరొకాయన ఈ జబ్బు గురించే చెప్పాడు. లూపస్ ఉన్న తల్లికి కిడ్నీల మీదికి వస్తుంటే చాలాసార్లు ముందుగా మూత్రంలో ప్రొటీన్ కనిపిస్తుందట, బీపీ మెల్లగా ఎక్కుతుందట, వారం వారం చూస్తే దొరుకుతుందట, దొరికితే మందు పెంచి తల్లినీ బిడ్డనీ కాపాడే వీలుంటుందట. చెయ్యి ఎత్తి అడిగాను, పల్లేరుకాయల కషాయం అయిదు రోజులు తాగితే అట్లా అవుతుందా అని. ఆయన నవ్వి, ఒకవేళ మంచిది కాకపోయినా అంత పని అది చేయదు మేడం, అప్పటికే వారాలుగా జబ్బు నడుస్తూ ఉండాలి అన్నాడు. టీ విరామంలో బయటికొచ్చి బస్సెక్కి ఇంటికొచ్చేశాను.

సొంత జీతంతో మంచి మిషన్ కొన్నాను. ఆ తర్వాత రిటైరయ్యేదాకా చూడకుండా ఒక్క అంకె రాయలేదు. దాన్ని ప్రాయశ్చిత్తం అనుకునేదాన్ని. కాదు, అది భయం. ప్రాయశ్చిత్తమైతే నందికొండ బస్సెక్కాలి. ఎక్కాను, రెండుసార్లు. ఒకసారి దేవరకొండలో దిగి వెనక్కొచ్చాను. ఇంకోసారి డ్యాం దాకా పోయి, నీళ్లు చూసి, వేయించిన చేపలు తిని వచ్చాను. ఇంట్లో మొక్కు తీర్చుకోవడానికి వెళ్లానని చెప్పాను.

ఇక ఇది రాయించిన సంగతి. మొన్న ఎండాకాలంలో మా కోడలికి ఏడో నెల. గాజులు కొనడానికి పాలమూరు వెళ్లాను. బజారు మలుపులో నాలుగు చక్రాల బండి మీద గాజుల దండలు. వెనక ఖాజాబీ. జుట్టంతా తెల్లబడింది. నన్ను గుర్తుపట్టింది. "మంచిగున్నవా నర్సమ్మా?" అని అడిగింది, నిన్నటిదాకా మాట్లాడుకున్నట్టే. తప్పించుకోలేక, రెండు డజన్లు ఆకుపచ్చవి ఇమ్మన్నాను. ఇంత చేసి బేరం ఇచ్చి వెళ్లిపోదామనుకున్నాను చూడండి. ఆమె దండ విప్పుతూ ఎవరికని అడిగింది. కోడలికి, ఏడో నెల అన్నాను.

ఆమె చెయ్యి ఆగింది. విప్పిన దండ మళ్లీ కట్టేసింది.

"కడుపుతోని ఉన్నామెకైతే నా దగ్గర తీస్కోకమ్మా. అగో, ఆ ముంగట దుకాన్ల తీస్కో. నా చెయ్యి మంచిది గాదు."

ఎగతాళి కాదు. దెప్పిపొడుపు కాదు. నా కోడలి మేలు కోరి అంది. తనను అన్యాయంగా తిట్టారన్న కోపమైనా ఆమెకు మిగిలి ఉంటుందని నేను ఇన్నేళ్లూ అనుకున్నాను. నన్ను అడిగింది కాబట్టి తన తప్పు లేదని ఆమెకైనా తెలుసు కదా అనుకుని నిద్రపోయాను. కానీ నన్ను అడిగినా అడగకపోయినా కషాయం పోసింది తన చెయ్యే కదా అని ఆమె నమ్మింది. తన మనవరాలిని తానే చంపుకున్నానని తొమ్మిదేళ్లు నమ్ముతూ గాజులమ్మింది.

ఆ రోజు గాజులు కొనకుండానే ఇంటికొచ్చేశాను. మూడో రోజు మళ్లీ వెళ్లాను. బండి పక్కన నిలబడి చెప్పాను. మిషన్ చిరిగిన సంగతి, మూడు వారాలు చూసినట్టు నటించిన సంగతి, మూత్రం పారబోసిన సంగతి, ఆమె అడిగింది గుర్తుండి కూడా అడగలేదని చెప్పిన సంగతి. ఎవరో బేరానికొస్తే ఆగాను. వాళ్లు పోయాక మళ్లీ మొదలుపెట్టాను. అంతా అయ్యాక ఆమె ఒక్కటే అడిగింది.

"అయితే కషాయంతోని గాదా?"

"కాదు ఖాజాబీ."

ఆమె స్టూలు దగ్గరికి లాక్కుంది. ఒక గాజు తీసి చేతిలో తిప్పుతూ కూర్చుంది. కాళ్లు పట్టుకుందామని వంగాను. చేత్తో ఆపింది.

"నా కాళ్లు పట్టుకుంటె ఏమొస్తది? నా బిడ్డకు జెప్పు" అంది. తర్వాత, "పో నర్సమ్మా. గిరాకి వచ్చే యాళైంది" అంది.

నేను పోయాను. ఏం జవాబు కోసం వెళ్లానో తెలియదు, అది మాత్రం దొరకలేదు.

నజ్మాకు ఉత్తరం రాశాను. ముందు నాలుగు పేజీలు రాశాను. చదివితే అన్నీ సాకులే. చింపేశాను. చివరికి అయిదు వాక్యాలు మిగిలాయి. మూడు బుధవారాలు నేను నీ బీపీ చూడలేదు, చూసినట్టు నటించాను. నీ చెయ్యి ఉబ్బిందని మీ అమ్మ నాకు చెప్పింది. కషాయం తాపొచ్చునా అని నన్ను అడిగింది. నేను ఇవ్వమన్నాను. నీ ముందు అబద్ధమాడాను. కింద నా పూర్తి పేరు, ఊరు, ఫోను నంబరు రాశాను. రిజిస్టరు పోస్టులో పంపాను. ఇది చదివే మీకు చెప్పని పేరు ఆ కాగితం మీద ఉంది.

అందిన రసీదు తిరిగొచ్చింది. దాని మీద నజ్మా సంతకం. అంతే. ఉత్తరం లేదు, ఫోను లేదు. తల్లి దగ్గరికి వెళ్లిందో లేదో తెలియదు. అడిగే మొహం నాకు లేదు. కేసు పెడుతుందేమో, పెట్టనీ. నేను ఉన్న చోటే ఉంటాను.

మీరు నన్ను క్షమించాలని ఇది రాయలేదు. మీ చేతిలో లేదది. ఖాజాబీ ఇవ్వలేదు, నజ్మా ఇవ్వలేదు, అడగడం నాకు తగదు. కానీ గొంతులో అడ్డం పడింది మాత్రం కాస్త కదిలింది. ఆ కార్డు ఏ మూలన ఉందో, ఉందో లేదో. ఉంటే ఆ మూడు గళ్లలో నా అంకెలు కొట్టేసి నిజం రాసేదాన్ని. లేదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

అయిదో వారం. బీపీ చూడలేదు. మూత్రం చూడలేదు.

ఆరో వారం. చూడలేదు.

ఏడో వారం. చూడలేదు. చెయ్యి ఉబ్బిందని తల్లి వచ్చి చెప్పింది.